జీయూఐ నేర్చుకోవడానికి ఏ టూల్‌తో మొదలుపెట్టాలి?

హాయ్ అండి. జీయూఐ ప్రోగ్రామింగ్, అంటే విండోలు, బటన్లతో యాప్‌లు చేయడం, నేర్చుకుందామని కూర్చుంటే క్యూటీ అంటారు, జావాఎఫ్ఎక్స్ అంటారు, ఎలక్ట్రాన్ అంటారు, ఏది పట్టుకోవాలో తేలక రోజులు గడిచిపోతాయి. నా మాట ఒకటే అండి, మీకు ఇప్పటికే ఏ లాంగ్వేజ్ వచ్చో దానిలోనే అన్నిటికంటే చిన్న టూల్‌కిట్, అంటే విండోలు, బటన్లు రెడీగా ఇచ్చే లైబ్రరీ, తీసుకోండి. కొత్త లాంగ్వేజ్, కొత్త టూల్‌కిట్ రెండూ ఒకేసారి నెత్తినెత్తుకుంటే ఎర్రర్ వచ్చినప్పుడు అది దేనిదో కూడా అర్థం కాదు.

పైథాన్ వచ్చా? అయితే టికింటర్. విండోస్‌లో పైథాన్‌తో పాటే వచ్చేస్తుంది, ఉబుంటులో మాత్రం పైథాన్3-టీకే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. చూడ్డానికి పాతగా ఉంటుంది, నిజమే, కానీ ఇప్పుడు మనకి కావాల్సింది అందం కాదు కదా.

(స్క్రీన్ మీద: చిన్న విండో, ఒకే బటన్)

ఇది చూడండి. బటన్ నొక్కగానే నడిచే ఫంక్షన్‌లో టైమ్ డాట్ స్లీప్ అని పెట్టి 10 సెకన్లు ఆగమన్నా. నొక్కుతున్నా... చూశారా, బటన్ నొక్కుకున్నట్టే ఉండిపోయింది, విండో కదల్లేదు, క్లోజ్ కొట్టినా పట్టించుకోవట్లేదు. క్రాష్ అయిందేమో అనుకుంటాం కానీ కాదు. చివర్లో మెయిన్‌లూప్ అని రాశాం కదా, అది మౌస్ క్లిక్కులు, కీబోర్డు, విండోని మళ్ళీ గీయడం అన్నీ వరసగా ఒక్కొక్కటే చేస్తుంది, మన ఫంక్షన్ తిరిగి వచ్చేదాకా తర్వాతి దాని జోలికి పోదు. అందుకే స్లీప్ తీసేసి టికింటర్‌లోనే ఉన్న ఆఫ్టర్ వాడి, 1000 మిల్లీసెకన్ల తర్వాత ఈ ఫంక్షన్ పిలువు అని చెప్పి వెంటనే లూప్‌కి దారి వదిలేయాలి. ఈ ముక్క బుర్రకెక్కితే క్యూటీ అయినా జావా స్వింగ్ అయినా సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే వాటి లోపల కూడా ఇలాంటి లూపే తిరుగుతుంటుంది.

ఇంకోటి, బటన్ తయారుచేసే లైన్‌లో కమాండ్ దగ్గర ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి. పక్కన బ్రాకెట్లు పెట్టారంటే బటన్ తయారవుతున్నప్పుడే ఫంక్షన్ నడిచేసి, తర్వాత ఎంత నొక్కినా ఏమీ జరగదు. చాలామంది పూటంతా పోగొట్టుకునేది ఇక్కడే.

సీ షార్ప్ వచ్చినవాళ్ళకి విండోస్ ఫార్మ్స్ బాగుంటుంది, 2002 నుంచి ఉంది, బటన్‌ని మౌస్‌తో లాగి పెట్టేయొచ్చు. కాకపోతే విండోస్‌లోనే నడుస్తుంది, పైగా బటన్లు పెట్టే కోడ్ అంతా ఆ లాగి పెట్టే డిజైనర్ టూలే రాసేస్తుంది కాబట్టి ఆ ఫైల్ తెరిచి ఒకసారి చదవండి దయచేసి. జావా వాళ్ళకి స్వింగ్ జేడీకేలోనే (జావా రాయడానికి ఇన్‌స్టాల్ చేసుకునే కిట్) ఉంటుంది, జావాఎఫ్ఎక్స్ మాత్రం ఒరాకిల్ జేడీకే 11 నుంచి విడిగా తెచ్చుకోవాలి. వెబ్ వచ్చినవాళ్ళు ఎలక్ట్రాన్ వాడొచ్చు, కానీ ఒక్క బటన్ ఉన్న యాప్ కూడా క్రోమియం (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్) మొత్తాన్ని మోసుకుని తిరుగుతుంది, సైజు చూసి కంగారుపడకండి.

క్యూటీ నాకు చాలా ఇష్టం, పెద్ద యాప్‌కి అదే వాడతా. పైథాన్‌లో దానికి పైక్యూటీ, పైసైడ్ అని రెండు దారులున్నాయి, కోడ్ దాదాపు ఒకటే కానీ లైసెన్స్ వేరు. పైక్యూటీ జీపీఎల్ (యాప్ ఇస్తే దాని కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) లేదా డబ్బు కట్టి కమర్షియల్, పైసైడ్‌కి అంతకంటే సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ కూడా ఉంది, కోడ్ బయటపెట్టకుండా యాప్ అమ్మే ఆలోచన ఉంటే ఇది ముందే చూసుకోండి.

ఇవాళ మాత్రం టికింటర్‌లో, లేదా మీ లాంగ్వేజ్‌లో ఉన్నదాంట్లో, స్టార్ట్, స్టాప్ బటన్లతో ఒక టైమర్ చేయండి. అంకెలు తగ్గుతుండగానే స్టాప్ నొక్కి చూడండి, వెంటనే ఆగిందంటే క్యూటీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.