గోడ కూలాక ముదిరిన తగువు

యాంకర్: నమస్కారం. ఒకే భాష మాట్లాడే జనం 1949 నుంచి 1990 దాకా రెండు దేశాలుగా బతికారు. ఇవాళ జర్మనీ గురించి. మేడమ్, తూర్పువాళ్లు 'ఓస్సీ', పశ్చిమం వాళ్లు 'వెస్సీ' అనే పిలుపులు బెర్లిన్ గోడ ఉన్నప్పటివేనా?

చరిత్ర అధ్యాపకురాలు: అవి అందరి నోళ్లలో నానింది 1989 నవంబర్ 9న గోడ తెరుచుకున్నాకేనండి. గోడ ఉన్నన్నాళ్లూ అవతలివాళ్లు దూరపు చుట్టాలు. ఒకే ఆఫీసులో కూర్చున్నాకే కదా తగువులు! తూర్పు ఫ్యాక్టరీలను ట్రాయ్‌హాండ్ అనే ప్రభుత్వ సంస్థ చాలావరకు అమ్మేసింది, కొన్నింటిని మూసేసింది. లక్షల మందికి పని పోయింది. పైన కూర్చున్న బాసులేమో పశ్చిమం నుంచి వచ్చినవాళ్లు. 'బెస్సర్‌వెస్సీ' అనే మాట అలా ఊపందుకుంది, అంటే అన్నీ తనకే తెలుసనుకునే వెస్సీ. 1991లో జర్మన్ భాషా సంఘం దాన్నే ఆ ఏటి మాటగా ఎంచింది.

జర్నలిస్టు: అటునుంచి 'యామర్‌ఓస్సీ' అన్నారు, ఏడుపుగొట్టు ఓస్సీ అని. సరదాకి అనుకునేవే లెండి...

అధ్యాపకురాలు: సరదా అంటే నేనొప్పుకోను. ఒకావిడ ఉద్యోగానికి అప్లై చేస్తే కాగితాలు తిరిగొచ్చాయి. బయోడేటా మీద 'ఓస్సీ' అని రాసి, పక్కన మైనస్ గుర్తు! ఆవిడ కోర్టుకెళ్లారు. తూర్పు జర్మన్లు వేరే జాతి కాదు కాబట్టి ఇది జాతి వివక్ష కిందికి రాదని 2010లో స్టుట్‌గార్ట్ లేబర్ కోర్టు చెప్పింది. ఉద్యోగం ఇవ్వకపోవడానికి వేరేవాళ్లు, కోర్టుకెళ్తే మనవాళ్లు!

యాంకర్: తూర్పు నుంచి వచ్చిన ఏంజెలా మెర్కెల్ 16 ఏళ్లు జర్మనీ ఛాన్సలర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా చేశారు కదా, అయినానా?

జర్నలిస్టు: ఆవిడకీ తప్పలేదు. పుట్టింది హాంబర్గ్‌లోనే అయినా పెరిగింది తూర్పులో. సొంత పార్టీకి దగ్గరి సంస్థ వేసిన పుస్తకంలోనే ఆ తూర్పు జీవితాన్ని 'బరువు' అన్నారని 2021 అక్టోబర్ 3న హాలె నగరంలో చేసిన ప్రసంగంలో చెప్పుకున్నారు.

అధ్యాపకురాలు: అందుకే చూడండి, తూర్పు జర్మనీ ఉన్నప్పుడు దాన్ని తిట్టుకున్నవాళ్లు కూడా అది పోయాక 'మేం తూర్పువాళ్లం' అన్నారు. అక్కడి ట్రాఫిక్ సిగ్నల్లో నడిచేవాళ్ల కోసం టోపీ పెట్టుకున్న బొమ్మ ఉంటుంది, 1961లో కార్ల్ పెగ్లావ్ గీసింది. దాన్ని తీసేయబోతే జనం అడ్డుపడ్డారు. ఇప్పుడు పశ్చిమ బెర్లిన్‌లోనూ అదే వెలుగుతోంది.

యాంకర్: టీషర్టుల మీద, కప్పుల మీద కూడా చూశాను.

అధ్యాపకురాలు: ఆ వ్యాపారం మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? ఒక వెస్సీ డిజైనరే!