బాడీ మౌంట్లు: రబ్బరా, పాలీయురేథేనా?

నమస్తే అండీ. టేబుల్ మీద రెండు బాడీ మౌంట్లు పెట్టాను, చూడండి. నల్లది రబ్బరు. ఎర్రది పాలీయురేథేన్, మనం పాలీ అనేద్దాం. ల్యాడర్ ఫ్రేమ్, అంటే నిచ్చెనలాంటి ఛాసిస్ మీద బాడీ విడిగా కూర్చునే బండ్లలో, ఆ ఛాసిస్‌కీ బాడీకీ మధ్య మెత్తల్లా ఉండేవి ఇవే.

వేలితో నొక్కి చూస్తున్నాను. రబ్బరు కాస్త లోపలికి పోతోంది, పాలీ అసలు కదలట్లేదు. ఈ గట్టితనాన్ని షోర్ ఎ అనే స్కేలు మీద చెబుతారు. అంకె పెరిగేకొద్దీ గట్టిదన్నమాట. కొనేముందు ఆ అంకె అడగండి. పాలీ అంటే అన్నీ ఒకటే కాదు, మెత్తటి రకాలూ ఉన్నాయి.

"పాలీ వేశాక బండి కొత్తదైపోయింది" అని చాలామంది అంటారు. నిజమే, కానీ తీసేసిన రబ్బర్లు ఎలా ఉన్నాయో కూడా చూడాలి కదా! ఏళ్ల తరబడి అణిగిపోయి, పగుళ్లిచ్చి, ఆయిల్ తాగి ఉబ్బిన రబ్బరును కొత్త పాలీతో పోలిస్తే ఏది గెలుస్తుంది? అక్కడ కొత్త రబ్బరు వేసినా టకటక శబ్దం పోయేది, బంపర్ దగ్గర ఎగుడుదిగుడు గ్యాప్ సరయ్యేది. పోల్చాల్సింది కొత్తదాన్ని కొత్తదానితో. అలా చూస్తే నా ఓటు ఎక్కువమందికి రబ్బరుకే.

ఎందుకంటే, గుంతల్లో ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి పోయినప్పుడు ఛాసిస్ మెలితిరుగుతుంది. ఆ మెలికను కొంతవరకు మౌంట్లే మింగాలి. మౌంట్ మరీ గట్టిదైతే ఆ బలం బాడీ మీదికి పోతుంది. పాత బాడీ అయితే మౌంట్ కూర్చునే చోట రేకు పగిలే ప్రమాదం ఉంటుంది. దానికితోడు ఇంజిన్ వణుకు, టైర్ల రొద క్యాబిన్‌లో ఇంకాస్త ఎక్కువగా తెలుస్తాయి. రోజూ ఆఫీసుకు ఇదే బండి అయితే చిరాకే.

పాలీ దండగ అనను. ఆయిల్‌ని బాగా తట్టుకుంటుంది, రబ్బరులా త్వరగా అణిగిపోదు, బాడీ ఊగడం తగ్గుతుంది. బరువైన వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), రూఫ్ రాక్ ఎక్కించినవాళ్లకీ, మీ మోడల్‌కి కంపెనీ రబ్బరు దొరకనివాళ్లకీ అది మంచి దారే. ఒక్కటి మాత్రం వద్దు: పాడైన రెండిటికి పాలీ వేసి, మిగతావాటికి పాత రబ్బరు ఉంచేయడం. బరువు గట్టివాటి మీదే పడుతుంది. మారిస్తే మొత్తం సెట్ మార్చండి.

అసలు టెన్షన్ బోల్టుల దగ్గర. తుప్పు పట్టినవాటికి ముందురోజే పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి దిగి బోల్టును వదులు చేసే నూనె) కొట్టి ఉంచండి. బలవంతంగా తిప్పితే బాడీ లోపల వెల్డ్ చేసిన నట్టు ఊడి తిరగడం మొదలవుతుంది. అప్పుడు ఫ్లోర్ కోయాల్సి రావచ్చు. ఒక వైపు బోల్టులు తీసి, రెండో వైపు వాటిని వదులు మాత్రం చేసి, జాకీ మీద చెక్క పెట్టి మెల్లగా లేపాలి. లేపుతున్నంతసేపూ స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపులు, రేడియేటర్ ఫ్యాన్, ఎర్త్ వైరు గమనిస్తూ ఉండండి. మౌంట్ లోపల బోల్టు చుట్టూ ఉండే స్టీల్ గొట్టం, అదే స్లీవ్, మర్చిపోకండి. అది లేకుండా బిగిస్తే మౌంట్ నలిగిపోతుంది. టార్క్, అంటే బోల్టు బిగించే బలం, మాన్యువల్‌లో ఉన్నంతే. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్ పెట్టి చూడండి.