టముకు మోగిన ఊరు

శ్రోతలందరికీ నమస్కారం. నాకు పావుగంట ఇచ్చారు. ఊళ్లో ఒక కబురు అందరికీ ఎలా చేరుతుందన్నది ఇవాళ్టి మాట. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, కానీ ముందు ఒక శబ్దం గురించి చెప్తాను. టముకు శబ్దం.

డం, డం, డం. కాసేపు ఆగి, మళ్లీ డం, డం, డం.

మాది బందరు కాలువ పక్కన ఒక ఊరు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ శబ్దం వినపడిందంటే పిల్లలం ఆట ఆపేసేవాళ్లం. మా నాయనమ్మ పొయ్యి ముందు నుంచే కేకేసేది, "అమ్మాయ్, ఏం చాటుతున్నాడో పోయి విని రావే" అని. నేను పరుగెత్తేదాన్ని. వినడం ఒక్కటే కాదు, విన్నది విన్నట్టు వచ్చి నాయనమ్మకి అప్పజెప్పాలి. ఒక్క ముక్క తప్పినా మళ్లీ పంపించేది.

టముకు వేసే ఆయన్ని ఊళ్లో వెట్టి అనేవాళ్లు. అది ఆయన పేరు కాదు. కూలి లేకుండా చేసే చాకిరీని వెట్టి అంటాం కదా, ఆ మాటనే మనిషికి తగిలించారు. ఆయన వయసులో సగం లేనివాళ్లు కూడా "ఏరా" అని పిలిచేవాళ్లు. ఇవాళ రేడియోలో నేను "ఆయన", "వచ్చారు", "చెప్పారు" అంటున్నాను. అప్పుడు అనలేదు. అనాల్సింది.

ఏమేం చాటేవారు? శిస్తు కట్టే గడువు. టీకాలవాళ్లు వస్తున్నారని. చెరువులో చేపలకి వేలంపాట. ఎవరి గేదో తప్పిపోయి బందెలదొడ్డిలో ఉందని. తిరనాళ్ల ముహూర్తం. ఏదైనా సరే, మొదలు మాత్రం ఒక్కటే. "ఇందుమూలంగా గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా..." అని ఎత్తుకునేవారు. ఆఖర్న "హో" అని పొడుగ్గా వదిలేవారు. ఆ "హో" వీధి చివరి దాకా వెళ్లేది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. 1978 వేసవి. దానికి ముందు నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది, వేలమంది పోయారు. ఆ ఏడాది తర్వాత మా వైపు టముకు మోగితే తేలిగ్గా తీసుకున్నవాళ్లు లేరు. చేతిలో పని చేతిలోనే ఆపి వినేవాళ్లు.

డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాను. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసేముందు కాలువ నీళ్లతో ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేదాకా తాగడానికి ఆ నీళ్లే. అందుకని కాలువ కట్టేస్తున్నారన్న కబురు ఊళ్లో ఏ ఒక్క ఇంటికీ అందకుండా ఉండకూడదు.

ఆ సాయంత్రం చాటింపు అదే. "ఎల్లుండి శుక్రవారం పొద్దున్నే కాలువ కట్టేస్తారు. రేపంతా చెరువు నింపుతారు. రేపటి నుంచి చెరువులో గొడ్లని దింపకూడదు, గుడ్డలు ఉతక్కూడదు హో!" అని. ఎల్లుండి అని ఊరుకోలేదు, ఎల్లుండి శుక్రవారం అన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి. ఎల్లుండి అంటే ఎవరి లెక్క వాళ్లది. శుక్రవారం అంటే అందరికీ ఒకటే.

ప్రతి వీధి మొగలోనూ ఆగేవారు. ఆగిన ప్రతిచోటా రెండుసార్లు చెప్పేవారు. మొదటిసారి జనం బయటికి రావడానికి, రెండోసారి వినడానికి. ఇది నేను ఇప్పుడు కల్పించి చెప్తున్నది కాదు, ఒకసారి నేనే అడిగాను, "రెండుసార్లు ఎందుకు?" అని. ఆయన చెప్పిన జవాబు ఇదే.

మా వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. పిల్లలందరం మామ్మ అనేవాళ్లం. ఆవిడకి పూర్తిగా చెవుడు. టముకు పక్కనే వాయించినా వినపడదు. ఆ రోజు నేను ఆయన వెనకే నడుస్తున్నాను. మా వీధి మొగలో రెండుసార్లు చాటారు. అందరూ విన్నారు, ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. ఆయన వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. నా వైపు తిరిగి, "ఈ వీధిలో తాళం వేసిన ఇళ్లేమైనా ఉన్నాయా పాపా?" అన్నారు. ఒక ఇల్లుంది, వాళ్లు పెళ్లికి వెళ్లారు, రాత్రికి వస్తారు అని చెప్పాను. తలూపి, టముకు భుజానికి వేసుకుని చివరింటి దాకా నడిచారు.

మామ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఆయన వెనక నుంచి పిలవలేదు, భయపడుతుందని. చుట్టు తిరిగి ఆవిడ ఎదురుగా, దూరంగా నిలబడి, ఆవిడ తలెత్తేదాకా ఆగారు. తలెత్తింది. అప్పుడు కాలువ వైపు చెయ్యి చూపించారు. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి నీళ్లు పారుతున్నట్టు ఆడించారు. తర్వాత చేతులు టక్కున కలిపేశారు. కాలువ బంద్. రెండు వేళ్లు ఎత్తి చూపించారు, రెండు రోజులు. తర్వాత బిందె నెత్తిన పెట్టుకున్నట్టు చూపించి, మామ్మ వైపు వేలు పెట్టారు. నువ్వు నీళ్లు పట్టుకో.

మామ్మ అదే సైగ తిరిగి చేసి చూపించింది. చేతులు ఆడించి, కలిపేసి, రెండు వేళ్లు ఎత్తింది. సరిగ్గా అర్థమైందో లేదో ఆయన అలా రూఢి చేసుకున్నారు. మా నాయనమ్మ నా చేత అప్పజెప్పించుకున్నట్టే. అప్పటిదాకా ఆ ఇంటి అరుగు ఎక్కే హక్కు ఆయనకి లేదు, ఆ రోజూ ఎక్కలేదు. కిందే మట్టిలో నిలబడి చెప్పారు. పదేళ్ల పిల్లనైన నాకు ఆ దూరం కనపడలేదు. ఇప్పుడు తలుచుకున్నప్పుడల్లా అదే ముందు కనపడుతుంది.

రాత్రి నిద్రపోబోతుంటే మళ్లీ డం, డం అని చిన్నగా వినపడింది. పెళ్లి నుంచి వచ్చినవాళ్ల ఇంటి ముందు. వాళ్ల కోసం మళ్లీ వచ్చారన్నమాట. అక్కడ కూడా రెండుసార్లు చెప్పారు.

ఇక్కడ ఒక్క మాట. తరతరాలు అందరి కబుర్లూ మోసి, అందరి గుమ్మాల ముందూ చాటిన కులాల మనుషులు, 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో తమ హక్కుల కోసం ఉద్యమం మొదలుపెట్టినప్పుడు దానికి జనం నోట నిలిచిన పేరు దండోరా. ఈసారి చాటింది తమ మాట. ఆ పేరు విన్నప్పుడు నాకు మా ఊరి టముకే గుర్తొచ్చింది.

తర్వాత కాలం మారింది. 1989 నుంచి పేపర్లకి జిల్లా పేజీలు విడిగా రావడం మొదలైంది. ఊళ్లో బడి వార్షికోత్సవం కూడా అచ్చులో చూసుకునే రోజులొచ్చాయి. తర్వాత ఫ్లెక్సీలు. పుట్టినరోజైనా, సంతాపమైనా ఒకే సెంటర్లో, ఒకే స్తంభానికి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు. మా ఊరి గ్రూపులో తప్పిపోయిన గేదె ఫొటో పెడితే గంటలో దొరుకుతోంది. నాకు చాలా సంతోషంగా ఉంటుంది, నిజంగా. బందెలదొడ్డి దాకా పోవాల్సిన పని తప్పింది.

కానీ గ్రూపులో పెట్టాం కదా, బోర్డుకి అంటించాం కదా అని చెయ్యి దులుపుకునే అలవాటు కూడా వచ్చింది. ఒక కార్యాలయంలో నోటీసు బోర్డుకి అద్దాల తలుపు పెట్టి తాళం వేశారు. లోపల కాగితం ఒక మూల ఊడి మడత పడింది. గడువు తేదీ ఆ మడత కింద ఉంది. అక్కడికొచ్చిన ముగ్గురు పెద్దవాళ్లకి నేనే తెలిసినంత చదివి చెప్పాను, తేదీ మాత్రం చెప్పలేకపోయాను. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో, ప్రభుత్వ కార్యాలయాలు తమ సమాచారాన్ని జనానికి ఎలా చేరవేయాలో రాసి ఉంది. నోటీసు బోర్డులు, పత్రికలు, ప్రసార సాధనాలు, ఇంటర్నెట్, వాటితో పాటు బహిరంగ ప్రకటనలు. అంటే మన చాటింపే. స్థానిక భాషని, అందరికీ బాగా చేరే పద్ధతిని చూసుకోమని కూడా అందులోనే ఉంది. కాబట్టి "మైకులో కూడా చెప్పించండి" అని పంచాయతీని అడగడానికి మొహమాటపడకండి. దానికి చట్టం ఒప్పుకుంటుంది.

ఇక మిగిలిన సమయం ఒక్క విషయానికి వాడుకుంటాను. ఊళ్లో ఒకరు పోతే మనం ఆ కబురు ఎన్ని రకాలుగా చాటుతామో చూడండి. గుడి మైకులోనో, మసీదు మైకులోనో, చర్చి మైకులోనో చెప్తారు. గంటలో వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. సాయంత్రానికి సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. పదో రోజుకి కార్డులు పంచుతారు. ఏడాదికి పేపర్లో వర్ధంతి ప్రకటన. ఊరంతా చాటుతాం. రాయించాల్సిన రిజిస్టరులో మాత్రం రాయించం.

మా పక్కవీధిలో ఒకావిడ భర్త పట్నంలో ఒక ఆసుపత్రిలో పోయారు. ఊళ్లో అన్ని పద్ధతులూ జరిగాయి. మరణం నమోదు సంగతి ఆసుపత్రివాళ్లు చూసుకుంటారని ఆవిడ అనుకుంది. ఊరి పంచాయతీలో రాసుకునే ఉంటారని కొడుకు అనుకున్నాడు. పద్నాలుగు నెలల తర్వాత బ్యాంకులో మరణ ధ్రువపత్రం అడిగారు. పొలం కాగితాలకి అడిగారు. పింఛనుకి అడిగారు. ఎక్కడా నమోదు లేదు. అక్కణ్ణుంచి ఆవిడ తిరిగిన తిరుగుడు నేను కళ్లారా చూశాను, రెండుసార్లు తోడు కూడా వెళ్లాను. "పోయిన మనిషి పోయాడని నిరూపించమంటున్నారమ్మా" అని బస్సులో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అందుకని నెమ్మదిగా చెప్తాను, వినండి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. పుట్టుకైనా, చావైనా 21 రోజుల్లోపు చెప్పి రాయించాలి. 21 రోజుల్లోపు రాయిస్తే రుసుము లేదు. 21 దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము కట్టాలి. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు ఆదేశం కావాలి. మా పక్కవీధి ఆవిడ పడింది ఆ ఆఖరి మెట్టు మీద.

రెండో సంగతి. ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. మనిషిది మన ఊరే అయినా, పోయింది పట్నంలో అయితే పట్నంలోనే రాస్తారు. ఆసుపత్రిలో జరిగితే కబురు పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. కానీ అక్కణ్ణుంచి బయల్దేరేముందే మీరు అడగండి: "నమోదుకి పంపారా? పేరు సరిగ్గా రాశారా? పత్రం ఎక్కడ తీసుకోవాలి?" అంత దుఃఖంలో ఇంటివాళ్లకి ఇవి గుర్తుండవు. కాబట్టి వెంట వెళ్లిన బంధువో, స్నేహితుడో ఎవరో ఒకరు ఆ పని నెత్తినేసుకోవాలి. ఇంట్లోనే జరిగితే చెప్పాల్సింది ఇంటి పెద్ద. పంచాయతీలోనో, గ్రామ సచివాలయంలోనో రిజిస్ట్రారు ఎవరో కనుక్కోండి.

పిల్లల సంగతీ చెప్పేస్తాను. ఇంకా బారసాల కాలేదు, పేరు పెట్టలేదు అని ఆగొద్దు. పేరు లేకుండానే పుట్టుక రాయించవచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడం దగ్గర్నుంచి ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగం దాకా పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. తర్వాత టెన్షన్ పడేకన్నా మొదటి మూడు వారాల్లో ఒక్క పూట దానికి కేటాయించండి.

మళ్లీ చెప్తున్నాను. 21 రోజులు. ఎక్కడ జరిగితే అక్కడ.

మా వీధి రామాలయంలో మైకు చూసుకునే అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడే. మూణ్ణెల్ల కిందట వాణ్ణి పిలిచి అడిగాను, "నాన్నా, ఎవరైనా పోయారని చెప్పేటప్పుడు ఆఖర్న ఇంకో వాక్యం కలుపుతావా?" అని. కాస్త తటపటాయించాడు. "ఏడుస్తున్న ఇంట్లో కాగితాల మాటేమిటి టీచరుగారూ, బాగుంటుందా?" అన్నాడు. వాడి సందేహం సబబే. నాకూ ఆ సందేహం ఉంది. అందుకని ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. పోయిన రోజు చెప్పొద్దు. దశదిన కర్మ కబురు చెప్పేటప్పుడు చెప్పాలి. అప్పటికి ఇంకా పదకొండు రోజుల గడువుంటుంది.

పోయిన వారం మా వీధిలో ఒక పెద్దాయన పదో రోజు. పొద్దున్నే మైకు పలికింది. భోజనాల వేళ చెప్పాడు, చోటు చెప్పాడు. తర్వాత కాస్త ఆగి, "కుటుంబ సభ్యులు మరణ నమోదు ఈ నెల 22, శుక్రవారం లోపల చేయించుకోవాలి, సాయం కావాలంటే గుడి దగ్గర అడగండి" అన్నాడు. తారీకుతో పాటు వారం కూడా చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం ఆ ఇంటి పెద్ద కోడలు గుడి దగ్గరికి వచ్చింది, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని.