క్లిక్ బంగారం, లాక్ స్క్రూ తలనొప్పి: కాంపౌండ్ టార్గెట్ సైట్ రివ్యూ

నమస్కారమండీ. ఇదిగో, ఇవాళ బల్ల మీదున్నది కాంపౌండ్ విల్లుకి (ఆర్చరీలో కొసల్లో చక్రాలుండే విల్లు) బిగించే టార్గెట్ సైట్, అంటే గురి చూసే పరికరం. ఒకే పిన్ (గురి చుక్క), లెన్స్ ఉన్న స్కోప్, అది పైకీ కిందికీ నడిచే నిలువు బార్, విల్లు నుంచి ముందుకి చాచే పొడుగు బార్. కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. పోస్ట్ చేసే ముందు ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నాను. బరువెంత, ఏ లోహం, ఎన్ని రంగుల్లో దొరుకుతుంది, ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. మళ్ళీ చదివి మీ టైమ్ తినను.

మొదట నచ్చింది చెప్తాను. ఈ నాబ్ చప్పుడు వినండి... టిక్, టిక్, టిక్. ఒక్కో క్లిక్కుకి 0.002 అంగుళం, అంటే 0.05 మిల్లీమీటరు. పీప్ (స్ట్రింగ్‌లో కంటి ముందుండే చిన్న రంధ్రం) నుంచి పిన్ దాకా 85 సెంటీమీటర్లు ఉందనుకుంటే, 50 మీటర్ల దగ్గర ఒక్క క్లిక్ బాణాన్ని 3 మిల్లీమీటర్లు జరుపుతుంది. 80 సెంటీమీటర్ల ఫేస్ (టార్గెట్ కాగితం) మీద 10 రింగు వ్యాసమే 8 సెంటీమీటర్లు. ఇంతకన్నా సన్నగా జరపాల్సిన పని ఎవరికీ ఉండదు.

క్లిక్ సన్నగా ఉంటే సరిపోదు, తిరిగొచ్చేటప్పుడు నిజం చెప్పాలి. చూడండి, గీత మీద పెట్టాను, కుడికి 10 క్లిక్కులు, మళ్ళీ ఎడమకి 10. గీత మీదకే వచ్చింది. చాలా సైట్లలో మరలో కాస్త ఖాళీ ఉంటుంది, దిశ మార్చగానే మొదటి ఒకటి రెండు క్లిక్కులు ఉత్తినే పోతాయి. మీ సైట్ అలాంటిదైతే ఎప్పుడూ కింది నుంచే పైకి వచ్చి గీత మీద ఆపండి. దాటిపోతే మళ్ళీ బాగా కిందికి దించి పైకి రండి. కొత్తవాళ్ళ కోసం ఇంకో మాట: బాణాలు ఎటు పడుతుంటే సైట్ అటే జరపాలి. కుడికి పడితే కుడికి, పైన పడితే పైకి.

ఇక స్కోప్ చుట్టూ ఉన్న ఈ పచ్చ రింగు. చూడ్డానికి సోకులా ఉంది గానీ, సైట్ మొత్తంలో మీ గురికి ఎక్కువ సాయపడేది ఇదే. పీప్ రంధ్రం లోపల ఈ రింగు సరిగ్గా నడుమ కూర్చోవాలి, చుట్టూ సన్నటి వెలుతురు గీత సమానంగా కనిపించాలి. పిన్ టార్గెట్ నడిమి పసుపు మీద నిలబడగానే చాలామంది పీప్‌ని మర్చిపోతారు. పీప్‌లో మీ చూపు 1 మిల్లీమీటరు పక్కకి పోతే 50 మీటర్ల దగ్గర దాదాపు 6 సెంటీమీటర్లు తేడా. 10 రింగు అంచు నడుమ నుంచి 4 సెంటీమీటర్లే! పిన్ నడుమనే ఉంది, బాణం 9లో పడింది, "నేను సరిగ్గానే వదిలాను కదా" అని తల గోక్కునేవాళ్ళలో సగం మంది కథ ఇదే.

వెలుతురు గీత మరీ వెడల్పుగా ఉంటే పొడుగు బార్‌ని కొంచెం లోపలికి లాగండి, స్కోప్ పెద్దదిగా కనిపిస్తుంది. రింగు అంచులు పీప్ మింగేస్తుంటే బయటికి జరపండి. దాంతో కుదరకపోతే పీప్ సైజు మార్చాలి. ఆ బార్ పొడవు మారిందంటే అన్ని దూరాల గుర్తులూ మారతాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.

పీప్ ఎత్తు చూసుకోవడం ఇలా. బట్‌కి (టార్గెట్ కాగితం వెనకుండే దిమ్మ) దగ్గరగా నిలబడి, బాణం పెట్టి, బట్ వైపే గురి ఉంచి లాగండి. కళ్ళు మూసుకుని యాంకర్‌కి (లాగిన చెయ్యి మొహం మీద ఆగే చోటు) రండి: స్ట్రింగ్ ముక్కు కొసకి తగలాలి, రిలీజ్ (స్ట్రింగ్‌ని పట్టి వదిలే ట్రిగ్గర్) పట్టుకున్న చేతి కణుపులు దవడ కింద ఎముకకి ఆనాలి. ఇప్పుడు కళ్ళు తెరవండి. తల దించితేనే స్కోప్ కనిపిస్తోందంటే పీప్ కిందికుంది, పైకి జరపాలి. తల ఎత్తాల్సి వస్తే కిందికి. మెడ వంచి సర్దుకోవద్దు, అలసట రాగానే ఆ వంపు మారిపోతుంది. పీప్ జరపాలంటే విల్లుని బో ప్రెస్‌లో (స్ట్రింగ్ వదులు చేసే యంత్రం) పెట్టి జరపండి. బాణం లేకుండా మాత్రం లాగొద్దు. పొరపాటున వదిలితే లింబులు (విల్లు రెక్కలు), క్యామ్‌లు (కొసల్లోని చక్రాలు) పోతాయి.

సరే, ఇప్పుడు నా పిచ్చి. లెవెల్. స్కోప్ కింద ఈ గాజు గొట్టం, అందులో బబుల్. విల్లు పైకొస కుడికి ఒరిగితే బాణం కుడికి పోతుంది, ఎడమకి ఒరిగితే ఎడమకి. ఎంత పోతుందో లెక్కేద్దాం. సెకనుకి 85 మీటర్ల వేగంతో వెళ్ళే బాణానికి 50 మీటర్లు చేరడానికి సుమారు 0.6 సెకను పడుతుంది. ఈలోపు బయల్దేరిన గీత నుంచి 1.7 మీటర్ల దాకా కిందికి దిగుతుంది. ఆ దిగుడుకి సరిపడా విల్లుని పైకెత్తి వదులుతాం కదా, విల్లు ఒరిగితే ఆ ఎత్తడం కూడా పక్కకి తిరుగుతుంది. 1 డిగ్రీ ఒరిగితే 3 సెంటీమీటర్లు. 2 డిగ్రీలైతే 6. 10 పోయినట్టే.

బబుల్ అన్నీ చెప్పదు, ఇది బాగా వినండి. విల్లు పక్కకి ఒరిగితే బబుల్ చెప్తుంది. గ్రిప్ పిసికి విల్లుని మెలిపెడితే బబుల్ కదలదు, స్కోప్ పీప్‌లో నడుమ నుంచి పక్కకి జరుగుతుంది. రెండు తప్పులు, రెండు చోట్ల కనిపిస్తాయి. మెలి పోవాలంటే గ్రిప్ బొటనవేలి కింది కండ మీద, అరచేతి గీతకి ఇవతలే ఆనాలి. కణుపులు 45 డిగ్రీల వాలులో, వేళ్ళు వదులుగా ఉండాలి. బాణం వెళ్ళేటప్పుడు విల్లు ఎక్కడ పడిపోతుందోనని పట్టుకుంటారు చూశారూ, అక్కడే మెలి పుడుతుంది. స్లింగ్ (విల్లు జారిపోకుండా చేతికి వేసే పట్టీ) వేసుకోండి, ఆ భయం పోతుంది.

కళ్ళు మూసి యాంకర్‌కి వచ్చి, తెరవగానే ప్రతిసారీ బబుల్ ఒకే వైపుంటే మణికట్టుతో లాక్కొచ్చి సరిచేయకండి. సైట్, రెస్ట్ (బాణం ఆనే చోటు) అన్నీ రైజర్‌కి (విల్లు నడిమి భాగం) ఒకవైపే ఉంటాయి కాబట్టి విల్లు అటే ఒరుగుతుంది. ఎదుటివైపు సైడ్ బార్‌కి (తూకం కోసం పక్కకి బిగించే కడ్డీ) బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ పోండి, బబుల్ దానంతటదే నడుమకి రావాలి.

ఇంతా చేసి, అసలు లెవెలే వంకరగా బిగించి ఉంటే? సెకండ్ యాక్సిస్ అనేది అందుకే: స్కోప్ గడియారం ముల్లులాగా తిరిగే దిశ. విల్లుని వైస్‌లో (బల్లకి బిగించే పట్టకం) పట్టించి, సైట్ నిలువు బార్ నిజంగా నిలువుగా ఉందో లేదో ముందు చూసుకోవాలి. రైజర్ మీద లెవెల్ పెట్టి సరిపెట్టుకోవద్దు, రైజర్‌కీ బార్‌కీ పొత్తు కుదరాలని లేదు. బార్ నిలువయ్యాక స్కోప్ తిప్పి బబుల్‌ని నడుమకి తేవాలి. తర్వాత థర్డ్ యాక్సిస్: స్కోప్ తలుపు రెక్కలాగా ముందుకీ వెనక్కీ తిరిగే దిశ. అది తప్పితే సమతలం మీద తెలియదు, ఎత్తుకో పల్లానికో గురి పెట్టగానే లెవెల్ అబద్ధం చెప్తుంది. కొన్ని మీటర్ల దూరంలో తూకం దారం వేలాడదీసి, వైస్‌లో విల్లుని ముందుకి వంచి, బార్ దారంతో కలిసి ఉండగా బబుల్ నడుమనే ఉందా చూడండి.

ఇక్కడే ఈ సైట్ మీద నాకు ఒళ్ళు మండింది. చూడండి... బబుల్ నడుమన ఉంది. ఇప్పుడు సెకండ్ యాక్సిస్ లాక్ స్క్రూ బిగిస్తున్నాను... అదిగో, పోయింది! స్క్రూ కొస తిరుగుతూ స్కోప్ కాడని (స్కోప్‌ని సైట్‌కి కలిపే కడ్డీ) తనతోపాటు ఈడ్చుకుపోతోంది. వదులు చేసి, సరిచేసి, మళ్ళీ బిగిస్తే మళ్ళీ అంతే. క్లిక్కుకి 0.05 మిల్లీమీటరు పలికే సైట్‌లో, అంతకన్నా ముఖ్యమైన సర్దుబాటుని ఇంత సన్న అలెన్ స్క్రూకి వదిలేస్తారా? కాడని రెండు వైపుల నుంచీ పట్టే క్లాంప్ పెట్టుంటే ఈ గొడవే లేదు.

లెన్స్ గురించి రెండు ముక్కలు. ఇది 0.50 డయాప్టర్ (లెన్స్ శక్తి కొలత), సాధారణంగా 4x అని అమ్మే రకం. గాజు శుభ్రంగా ఉంది. కానీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. పిన్ నడుమకి రాగానే ట్రిగ్గర్ దబుక్కున నొక్కే అలవాటున్నవాళ్ళకి లెన్స్ ఆ జబ్బుని పెంచుతుంది. అలాంటివాళ్ళు లెన్స్ తీసేసి కొన్నాళ్ళు బాణాలు వేయండి.

మార్కులంటారా? క్లిక్కులకి, రింగుకి పదికి తొమ్మిది ఇస్తాను. అయినా డబ్బు పెట్టి కొనమని చెప్పను, ఆ లాక్ మారే వరకూ చెప్పను. ఉచితంగా పంపినందుకు నోరు మూసుకోవడం నా వల్ల కాదు.

ఇప్పటికే కొనేసినవాళ్ళు ఇలా చేయండి. స్క్రూ ఎటు ఈడుస్తోందో ఒకసారి చూసుకోండి. బబుల్‌ని దానికి ఎదుటివైపు అంతే మేర ముందే జరిపి ఉంచి, పావు పావు చుట్టుగా బిగించండి. సరిగ్గా వచ్చాక స్క్రూ బయటికి తీయకుండా, దాని మర అంచున, బిగించిన మరలోకి ఇంకే రకం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయండి, లెన్స్ మీద పడనివ్వకండి. ఆరాక కాడ మీద నుంచి దాన్ని పట్టుకున్న బ్లాక్ మీదకి మార్కర్‌తో ఒకే గీత గీసి పెట్టుకోండి. షూటింగ్‌కి దిగే ముందు ఆ గీత రెండు ముక్కలుగా విడిపోయిందేమో చూడండి. విడిపోతే గుర్తులన్నీ పక్కన పెట్టి మళ్ళీ వైస్ దగ్గరికే.