వినపడని మాడ్యూల్ అంతా చెడిపోయిన మాడ్యూల్ కాదు

సభలో ఉన్న సాటి మెకానిక్‌లకూ, ఆటోమొబైల్ కోర్సు చదువుతున్న విద్యార్థులకూ నమస్కారం.

బండిలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తెర మీద యు 0100 అనే కోడ్ కనిపించగానే ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, పోయిందని తేల్చేసేవారిని మనం తరచుగా చూస్తుంటాం. నిజానికి అది, ఇంజన్ మాడ్యూల్ నుంచి రావలసిన సందేశం తనకు అందలేదని మరొక మాడ్యూల్ రాసిపెట్టుకున్న ఫిర్యాదు. యు 0121 బ్రేకుల ఏబీఎస్ మాడ్యూల్ మీద, యు 0140 లైట్లు, తాళాలు వంటివి చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదులే. కాబట్టి కోడ్‌లో ఎవరి పేరు ఉందన్నదానితో ఆగకుండా, ఆ కోడ్ ఏయే మాడ్యూళ్లలో నమోదైందో కూడా రాసుకోవాలి. అన్నీ కలిసి ఒక్కదాని మీదే ఫిర్యాదు చేస్తూ, స్కానర్‌కు కూడా అదొక్కటే పలకకపోతే, దాని ఫ్యూజు, దాని ఎర్త్, దానికి వెళ్లే వైర్ల పాయ ముందు చూడవలసినవి. ఒకే మాడ్యూల్ తనకు ఎవరి మాటా వినపడటం లేదంటుంటే చెవుడు దానిదే అనుకోవచ్చు. ఏదీ పలకకపోతే, ప్రధాన వైర్లు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయో, బాడీకి తగులుతున్నాయో, లేక ఏదో ఒక మాడ్యూల్ లోపల షార్టై మొత్తం లైనును పట్టి లాగుతోందో చూడాలి.

బ్యాటరీ బలహీనమైనా ఈ కోడ్‌లు గుంపుగా పడతాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోయి కొన్ని మాడ్యూళ్లు క్షణకాలం ఆగిపోవడమే అందుకు కారణం. అందుకే కోడ్‌లన్నీ రాసుకుని, చెరిపి, బండి నడిపి, మళ్లీ ఏవి వచ్చాయో చూసిన తరువాతే పని మొదలుపెట్టడం మంచిది.

ఇక వైర్ల సంగతి. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో పని మొదలుపెట్టి 1986లో డెట్రాయిట్‌లో లోకానికి చూపిన క్యాన్ పద్ధతిలో, పురి పెట్టిన రెండు వైర్ల మీదనే మాడ్యూళ్లన్నీ మాట్లాడుకుంటాయి. లైను ఖాళీగా ఉన్నప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 వోల్టులు ఉంటుంది. సందేశం వెళ్లేటప్పుడు ఒకటి 3.5 దాకా ఎక్కుతుంది, రెండోది 1.5 దాకా దిగుతుంది. లైను రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు చెరొకటి ఉంటాయి. అవి సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిసినట్టే కాబట్టి మధ్యలో ఎక్కడ కొలిచినా 60 ఓమ్‌లు రావాలి. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్‌ల మధ్య ఈ కొలత దొరుకుతుంది. అయితే బ్యాటరీ నెగటివ్ తీసి, మాడ్యూళ్లు నిద్రపోయాకే కొలవాలి. లైనులో కరెంటు ఉండగా ఓమ్‌లు కొలిస్తే వచ్చే అంకె అబద్ధం. సాకెట్‌కూ లోపలి లైనుకూ మధ్య సందేశాలను అటూ ఇటూ చేరవేసే గేట్‌వే మాడ్యూల్ ఉన్న బండిలో అక్కడి కొలత లోపలి సంగతి చెప్పదు, గేట్‌వే కనెక్టర్ దగ్గరకే వెళ్లాలి. 60 బదులు 120 వస్తే ఒక చివర తెగిపోయినట్టు, సున్నాకు దగ్గరగా వస్తే వైర్లు రెండూ కలిసిపోయినట్టు, 40 వస్తే ఎవరో మూడో రెసిస్టరున్న పరికరాన్ని తగిలించినట్టు.

ఒక వానాకాలం మా షెడ్డుకు వచ్చిన కారు సంగతి చెబుతాను. గతుకుల రోడ్డు మీద మాత్రమే మీటరు బోర్డులో దీపాలన్నీ ఒకేసారి వెలిగేవి. మాడ్యూళ్లన్నిటిలో యు 0140 ఉంది. అప్పటికే మరోచోట బాడీ కంట్రోల్ మాడ్యూల్‌ను కొత్తది వేసి, తాళంచెవులను అది గుర్తుపట్టేలా మళ్లీ కలిపి, ఓనరు చేత పెద్ద మొత్తమే ఖర్చు పెట్టించారు. దీపాలు మాత్రం మానలేదు. మేము కొలిచినప్పుడు సరిగ్గా 60 వచ్చింది. అక్కడితో వదిలేసి ఉంటే మేమూ పొరబడేవాళ్లమే. మా కుర్రవాడు ఓమ్‌లు కొలిచే మీటరు పట్టుకుని కూర్చుంటే నేను వైరింగ్‌ను అంగుళం అంగుళం కదుపుతూ వచ్చాను. డ్రైవరు కాళ్ల దగ్గర కట్టను లాగగానే అంకె 120కి ఎగిరింది, వదిలితే మళ్లీ 60. ఆ మోడల్‌లో ఒక చివరి రెసిస్టర్ బాడీ మాడ్యూల్ లోపలే ఉంటుంది. అంటే దానికి వెళ్లే పాయే తెగుతోంది. కార్పెట్ ఎత్తితే కింద పరచిన స్పాంజి నీళ్లు పీల్చి తడితడిగా ఉంది. ముందు అద్దం కింద నీళ్లు పోయే దారి ఆకులతో మూసుకుపోయి వాననీరు లోపలికి దిగింది. టేపు విప్పితే ఒక జాయింటు పచ్చటి చిలుము పట్టి, రెండు మూడు రాగి పోగుల మీద వేలాడుతోంది.

చెడిన ముక్క కోసేసి, కొత్త వైరు టంకం వేసి, పైన ష్రింక్ ట్యూబు తొడిగాం. పురి విప్పదీసి అతికితే బయటి విద్యుత్ గోల లైనులోకి వస్తుంది కనుక ఆ పురిని అలాగే నిలబెట్టాం. నీటిదారి శుభ్రం చేసి, అదే గతుకుల రోడ్డు మీద తిప్పితే కోడ్ మళ్లీ పడలేదు. పాత మాడ్యూల్ డిక్కీలో ఒక సంచిలో ఉందని ఓనరు అప్పుడు చెప్పాడు. దానిని తిరిగి బిగించాం. పాత తాళంచెవితో, మొదటి తిప్పుకే బండి స్టార్టయింది.