స్లింగ్ వేయమని రాసినవారే తీసే తేదీ కూడా రాయాలి

(ప్రపంచ ఫిజియోథెరపీ దినం సందర్భంగా హైదరాబాద్‌లో ఒక కాలనీ పెద్దల సంఘం జరిపిన సభలో, పదవీ విరమణ చేసిన ఒక ఫిజియోథెరపిస్టు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, పొద్దుటి నుంచి కుర్చీలు మోసిన పిల్లలకు, అరగంటగా మైకులో "హలో, హలో" అంటున్న బాబుకు పేరుపేరునా నమస్కారాలు. పేర్లు చదవడం మొదలుపెడితే కాఫీ వేళ అయిపోతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

సెప్టెంబర్ 8న ఫిజియోథెరపీ దినం జరుపుకోవడం 1996లో మొదలైంది. నన్ను "వయసు మీరాక వ్యాయామం" మీద మాట్లాడమన్నారు, కార్డులో కూడా అలాగే వేశారు. నడవండి, మెట్లెక్కండి, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవండి అని మీకు వాట్సాపులో రోజూ వస్తూనే ఉంటుంది. ఇందిరా పార్కులో నన్ను దాటుకుని వెళ్లిపోయేవాళ్లు ఈ ముందు వరుసలోనే ఉన్నారు. వాళ్లకు నేను నడక నేర్పేదేముంది? అందుకని కార్యదర్శిగారు క్షమించాలి, నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. చేతికి దెబ్బ తగిలితే మెడలో వేలాడదీస్తారే ఒక సంచీ, స్లింగ్, దాని గురించి మాట్లాడతాను. నవ్వండి, ఫరవాలేదు. రెండు మూడు వందల రూపాయల గుడ్డసంచీకి ఒక ప్రసంగమా అనే కదా?

ముందు ఒక సంగతి చెప్పండి. మీ ఇంట్లో, అటక మీదో బీరువా అడుగునో, పాత స్లింగ్ ఒకటి పడి ఉన్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, సగం హాలు! ఇప్పుడు, అది ఎన్నాళ్లు వేసుకోవాలో చీటీలో రాసి ఇచ్చినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి. మిగతావాళ్లు దించేయండి. ఒక్కరు. ఆవిడ నాకు తెలుసు, నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడను లెక్కలోంచి తీసేద్దాం.

మా పిన్ని సంగతి చెప్తాను. సంక్రాంతి ముందు రోజు ముగ్గు వేయడానికి వాకిలి కడుగుతూ జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే చేసింది, అరచెయ్యి నేలకు ఆనించింది. కుడి మణికట్టు విరిగింది. డెబ్బై ఏళ్ల ఆడవాళ్లలో మేం చాలా ఎక్కువగా చూసే దెబ్బ ఇదే. ఐర్లండ్‌లో కాలిస్ అనే సర్జన్ దీన్ని 1814లోనే వర్ణించాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో. అంటే ఎముకను కళ్లతో చూసే వీలు లేని రోజుల్లో, చేత్తో తడిమి పోల్చుకున్నాడన్నమాట. సరే, పిన్నికి ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. పని బాగా చేశారు, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. చీటీలో చివర "స్లింగ్ వాడాలి" అని ఒక ముక్క రాశారు. ఎప్పటిదాకా అన్నది లేదు.

మా పిన్ని డాక్టరు మాట జవదాటే మనిషి కాదు. తింటున్నా, టీవీ చూస్తున్నా, పడుకున్నా స్లింగ్ మెడలోనే. ఆరో వారంలో కట్టు విప్పారు. ఎముక చక్కగా అతికింది. "స్లింగ్ తీసెయ్యండి" అని ఎవరూ అనలేదు కాబట్టి ఆవిడ తియ్యలేదు. తర్వాత ఒక పెళ్లిలో కనపడింది. అందరూ లేచి అక్షింతలు వేస్తున్నారు. పిన్ని ఎడం చేత్తో వేస్తోంది. వెనక నుంచి ఎవరో "అదేమిటమ్మా, ఎడం చేత్తోనా!" అన్నారు. ఆవిడ మొహం మాడిపోయింది. పక్కకు తీసుకెళ్లి చూస్తే ఆ కుడి భుజం ఛాతీ ఎత్తుకు కూడా లేవడం లేదు. కొప్పు వేసుకోలేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు. ఇల్లంతా పెత్తనం చేసిన మనిషి, తల దువ్వమని కోడలిని అడగాల్సి వచ్చింది.

విరిగింది మణికట్టండీ! భుజం ఏం పాపం చేసింది?

ఇది మా పిన్నికే జరిగిందని నేను ఇక్కడికి రాలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటి భుజాలు నా టేబుల్ దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఒక ఆటో డ్రైవరు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "దవఖానల ఏసుకొమ్మన్నరు మేడం, ఏసుకున్న. తియ్యమని ఎవ్వరు చెప్పలే." అతన్ని ఏమని తప్పు పడతాం? కదలని భుజం బిగుసుకుపోతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఈ హాల్లో షుగరు ఉన్నవాళ్లను చేతులెత్తమని అడగనులెండి, కాఫీలో చక్కెర ఎవరు వద్దంటారో చూస్తే తెలుస్తుంది. బిగిసిన భుజం మళ్లీ దారికి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. పిన్ని ఇప్పుడు కొప్పు వేసుకుంటోంది. హుక్కులు మాత్రం ఇంకా కష్టంగానే ఉన్నాయి.

డాక్టర్లను తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. పెద్దాసుపత్రి ఓపీలో ఎముకల డాక్టరు ఎదుట ఎంత జనం ఉంటారో మీరూ చూశారు. జరిగేదేమిటంటే, ఎముకను చూసేది డాక్టరు, స్లింగ్ తొడిగేది మెడికల్ షాపు కౌంటర్లో కుర్రాడు. అతను అడిగేది ఒకటే, "పెద్దోళ్లకా, చిన్నపిల్లలకా?" మనవాళ్లు "పెద్దోళ్లకే" అంటారు. బేరం అయిపోయింది. నాలుగు సైజులు ఉంటాయని అతనూ చెప్పడు, మనమూ అడగం.

నూట యాభై ఏళ్ల కిందటి సంగతి ఒకటి చెప్తాను. జర్మనీలో ఎస్మార్క్ అని ఒక యుద్ధ సర్జన్ ఉండేవాడు. మూడు కోణాల గుడ్డను కట్టుగా వాడటానికి బాగా ప్రచారం తెచ్చింది ఆయనే. ఆయన గుడ్డ ఎలా ఉండేదో తెలుసా? ఏ దెబ్బకు ఎలా కట్టాలో ఆ గుడ్డ మీదే బొమ్మలు అచ్చు వేసి ఉండేవి. చదువు రాని సిపాయి కూడా బొమ్మ చూసి పక్కవాడికి కట్టు కట్టేవాడు. ఈ రోజు పాలిథిన్ కవరు చింపితే మనకు దొరికేదేమిటి? ఒక చీటీ మీద ఫొటోకు నవ్వుతున్న మోడల్. అతని స్లింగ్ కూడా చాలాసార్లు సరిగ్గా ఉండదు!

సరే, కట్టి చూపిస్తాను. ఇందాక నాకు కప్పిన శాలువా ఉంది కదా, ఇలా ఇవ్వండి. ఉహూ, ఇది పట్టుది, జారుతుంది. అధ్యక్షులవారూ, మీ కండువా ఒకసారి. బాబూ, నువ్వు మైకు పక్కన పెట్టి ఇటు రా. చేయి విరిగిందనుకో. మీటరు చదరం నూలు గుడ్డను ఐమూలగా మడిస్తే సరిపోతుంది. చున్నీ అయినా పనికొస్తుంది. ఏదీ లేకపోతే చొక్కా అంచును పైకి మడిచి, చేయి అందులో పెట్టి పిన్నీసు గుచ్చండి, ఆసుపత్రి చేరేదాకా ఆగుతుంది. చూడండి, మోచేయి ఇంచుమించు మూలమట్టం వంపులో ఉంది. అరచెయ్యి మోచేతికన్నా కాస్త ఎత్తులో ఉంది. చాలామంది దీన్ని తిరగేస్తారు, చెయ్యి కిందికి వేలాడుతుంది, సాయంత్రానికి వేళ్లు ఉబ్బుతాయి. గుడ్డ చిటికెన వేలు మొదలు దాకా రావాలి. మణికట్టు దగ్గరే ఆగిపోతే అంచు మీంచి చెయ్యి వంగి వేలాడుతుంది. గోళ్లు బయటికి కనపడాలి. ముడి మెడ వెనక ఎముక మీద పడకూడదు, పక్కకు రావాలి. షాపులో కొనేదైతే పట్టీ వెడల్పుగా, మెత్తగా ఉన్నది చూసుకోండి. జంధ్యంలాగా అవతలి భుజం మీంచి వీపు మీదుగా వచ్చేది ఇంకా నయం, మెడ మీద బరువు పడదు. కొనేముందు మోచేతి వెనక నుంచి చిటికెన వేలు మొదలు దాకా టేపుతో కొలిచి, ఆ కొలత చెప్పి కొనండి. కోఠీలో సర్జికల్ షాపులకు వెళ్తే కవరు విప్పించి, వేసి చూసుకుని మరీ తీసుకోండి. చెప్పులు కొనేటప్పుడు నాలుగు జతలు తొడిగి చూసేవాళ్లమే కదా మనం! బాబూ, ఇక విప్పుకో, మైకు దగ్గరికి వెళ్లు.

అన్ని దెబ్బలకూ ఒకే సంచీ పనికిరాదు. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగినప్పుడు కొన్నిసార్లు మణికట్టుకు మాత్రం పట్టీ వేసి మెడకు తగిలిస్తారు, మోచేయి కింద ఏ ఆధారమూ ఉండదు. అది మరిచిపోయి వదిలేసింది కాదు. చేతి బరువే ఎముకను కిందికి లాగి వరుసలో ఉంచాలని కావాలనే అలా వేస్తారు. ఇంటికొచ్చాక "అయ్యో, మోచేయి గాలిలో ఉంది" అని జాలిపడి దిండు పెడతారు, పెద్ద సంచీ కొనుక్కొచ్చి తొడుగుతారు. ఆ జాలి వద్దు. కాలర్ బోన్ విరిగితే అప్పుడు మోచేతికి ఆధారం కావాలి, మామూలు స్లింగే చాలు. రెండు భుజాల చుట్టూ ఎనిమిది అంకెలా బిగించే పట్టీ ఒకటుంది, చంకల్లో ఒరుసుకుని నొప్పి పెడుతుంది. దానికన్నా స్లింగే సుఖమని ఇప్పుడు ఎక్కువమంది వైద్యులు అంటారు. భుజంలో కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు (టెండన్) తెగితే కుట్టించుకున్నవాళ్లకు నడుం పక్కన దిండుతో వచ్చే స్లింగ్ ఇస్తారు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. వాళ్లెవరైనా ఇక్కడుంటే నా ప్రసంగం విని ఇంటికెళ్లి తీసేయకండి! అది మీ సర్జన్ చెప్పినప్పుడే తీయాలి. నేను తీయమంటున్నది పని అయిపోయాక కూడా మెడలో ఉండిపోయే స్లింగ్‌ను.

గాజుల మాట చెప్పకుండా వదలను. చేయి విరిగిన గంటలోపే వాపు మొదలవుతుంది. ఉంగరాలు, గాజులు ముందే తీసేయాలి. "ముత్తయిదువ చేతికి గాజులు తీస్తారా?" అని అత్తగారు అడ్డం పడ్డ ఇళ్లు నాకు తెలుసు. అమ్మా, రెండో చేతికి డజను వేయండి, ఎవరొద్దన్నారు? వాచిన వేలి మీద బంగారు ఉంగరాన్ని కట్టరుతో కత్తిరిస్తుంటే ఆ మనిషి ఏడ్చే ఏడుపు చూస్తే శాస్త్రాలన్నీ మరిచిపోతారు.

కట్టు ఎవరు కట్టినా సరే, ఆసుపత్రిలో పిండికట్టయినా, "పుత్తూరు కట్టు" అని బోర్డు పెట్టి వెదురు బద్దలతో కట్టినా, చూడాల్సింది వేళ్లను. నేనైతే ముందు ఎక్స్‌రే తీయించుకోమనే అంటాను. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. వేళ్లు చల్లబడ్డా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, తెల్లారేదాకా ఆగకండి. రాత్రి రెండింటికైనా ఆటో పిలవండి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. చూశానండీ. ఇంకో రెండు ముక్కలు.

స్నానం. మే నెలలో మన ఊళ్లో నురగ (ఫోమ్) స్లింగ్ లోపల చంక ఉడికిపోతుంది. వల గుడ్డది కొనండి, వీలైతే రెండు కొనండి, ఒకటి ఉతికితే ఒకటి ఉంటుంది. డాక్టరు విప్పవచ్చన్నవాళ్లు స్నానానికి విప్పి, కొంచెం ముందుకు వంగి, చేతిని సడలించి వేలాడనివ్వాలి. చంక శుభ్రమవుతుంది, భుజమూ కాస్త కదులుతుంది. చొక్కా వేసేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, విప్పేటప్పుడు ఆ చేయి చివర. ఇంకొకటి, ఒక చేయి కట్టేసి ఉంటే మనిషికి తూకం తప్పుతుంది. స్లింగ్ వేసుకుని తడి బాత్‌రూములో మళ్లీ పడ్డవాళ్లను చూశాను. ఎడం చేతికి స్లింగ్, కుడి చేత్తో స్కూటీ నడిపే కుర్రాళ్లను కూడా చూశాను. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు, మీ మనవలైతే మీరే చెప్పండి.

మణికట్టు కట్టులో ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే వేళ్లు మూసి తెరవాలి. మోచేయి వంచి చాపాలి. చెయ్యి పైకెత్తాలి. ఆ కీళ్లకు దెబ్బ లేదని డాక్టరు చెబితే వాటిని ఎందుకు జైల్లో పెట్టడం? వాపు తగ్గే ఆ మొదటి కొద్ది రోజులకూ, బస్సులోనో బజారులోనో ఎవరూ గుద్దకుండా ఉండటానికీ స్లింగ్. ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు దిండు మీద పెట్టుకుంటే చాలు. అందుకే అడుగుతున్నాను, మీరూ అడగండి. డాక్టరు గదిలోంచి లేచేముందు మూడు ప్రశ్నలు వేయండి. ఎప్పుడు తీయాలి? రాత్రి ఉంచాలా? ఏ కీలు కదపవచ్చు? విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మాత్రకు "ఐదు రోజులు, రోజుకు రెండు" అని రాస్తారు కదా, స్లింగ్‌కు మాత్రం ఎందుకు రాయరు? తేదీ చీటీ మీద రాయించుకోండి. ఇంటికెళ్లి మార్కర్ పెన్నుతో స్లింగ్ పట్టీ మీద కూడా రాయండి. కోడలు చూస్తుంది, పనమ్మాయి చూస్తుంది, ఎవరో ఒకరు "ఇంకా తియ్యలేదా?" అంటారు. మా పిన్నికి ఆ ఒక్క మాట అన్నవాళ్లు లేకపోయారు.

ఆఖరుది, సంఘానికి నా విన్నపం. ఇందాక సగం హాలు చేతులెత్తారు. ఆ అటక మీది స్లింగులన్నీ ఉతికి, నీడన ఆరేసి, ఇక్కడి ఆఫీసు గదిలో ఇవ్వండి. సైజు చీటీ అంటించి ఒక అట్టపెట్టెలో పెడదాం. సంక్రాంతికి డాబాల మీంచి గాలిపటాల పిల్లలు పడతారు, వానాకాలంలో మనం పడతాం, ఎవరికి ఎప్పుడు అవసరమవుతుందో. పెట్టె మీద మార్కర్ పెన్ను ఒకటి దారంతో కట్టి ఉంచండి. వెల్క్రో పట్టు పోయినవి మాత్రం తేవద్దు.