కళ్ల చుట్టూ గాగుల్స్ అచ్చు

శ్రోతలకు నమస్కారం.

ఈత నేర్చుకోవాలని నాకు 38వ ఏట బుద్ధి పుట్టింది. నీళ్లంటే భయం పోవడానికి మూడు నెలలు పట్టింది, అదో పెద్ద కథ, ఇప్పుడొద్దు. భయం పోయాక పూల్ నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను, మొదటి వారంలోనే నలుగురు అడిగారు, రాత్రి నిద్ర లేదా అని. ఒకాయన అయితే పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా బాగానే ఉంది కదా?" అన్నాడు. వెళ్లి అద్దంలో చూసుకుంటే ఏముంది, రెండు కళ్ల చుట్టూ గిన్నె మూతి అచ్చు వేసినట్టు ఎర్రటి గుర్తులు, కింద ఉబ్బు, అచ్చం రాత్రంతా ఏడ్చిన మొహం.

అప్పటినుంచి క్రీముల వేటలో పడ్డాను, డబ్బు బాగానే వదిలింది. చివరికి తెలిసిందేమిటంటే, తప్పు నా చర్మానిది కాదు, ప్రతిరోజూ ఈత గాగుల్స్ స్ట్రాప్‌ను ఇంకాస్త, ఇంకాస్త అని లాగే నా చేతిది.

ఎలాగో చెప్తాను. ఒంటి మీద అన్నిటికంటే పలచని చర్మం కనురెప్పలది, మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాని కింద కొవ్వు దాదాపు ఉండదు, లోపలి కణజాలం కూడా వదులుగా ఉంటుంది, అందుకే చెంపలో చేరితే ఎవరికీ తెలియనంత నీరు రెప్ప కింద చేరితే ఇట్టే బయటపడిపోతుంది. ఇప్పుడు గాగుల్స్ పెట్టుకుని అరచేతులతో నొక్కుతాం కదా, అప్పుడు లోపలి గాలి కొంత బయటికి పోయి, మిగిలింది పలచబడి, కంటి చుట్టూ ఉన్న చర్మాన్ని తన వైపు పీలుస్తుంది. అదే సమయంలో రబ్బరు అంచు చర్మాన్ని ఎముకకు నొక్కి పడుతుంది, దాంతో ఆ చోట ఉన్న సన్నని సిరలూ, మిగులు నీటిని వెనక్కి మోసుకెళ్లే శోషరస నాళాలూ నలిగిపోతాయి. నీరు రావడానికి దారి ఉంది, పోవడానికి లేదు. ముప్పావుగంట అలా ఉంటే ఉబ్బకుండా ఎలా ఉంటుంది?

పొద్దున్నే ఈదేవాళ్లకు ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రంతా పడుకునే ఉంటాం కాబట్టి కళ్ల చుట్టూ అప్పటికే కొంత నీరు చేరి ఉంటుంది, లేచి తిరిగితేనే అది దిగేది. మనం లేచిన అరగంటకే దాని మీద గాగుల్స్ బిగిస్తాం. ముందురోజు రాత్రి ఉప్పు ఎక్కువ తిని ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. అలాగే వయసు. పిల్లలకు తువ్వాలు చుట్టుకునేలోపే గుర్తు పోతుంది, నలభై దాటాక చర్మంలో సాగే గుణం తగ్గి, నొక్కుకుపోయిన చోటు మళ్లీ లేవడానికి గంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. దానికి టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

సరే, ఎందుకు అంతగా బిగిస్తాం? నీళ్లు లోపలికి వస్తున్నాయని. ఇది మొదటినుంచీ ఉన్న తలనొప్పే. 1926లో గెర్‌ట్రూడ్ ఎడెర్లీ ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానెల్ సముద్రాన్ని ఈదినప్పుడు, ఆ పని చేసిన మొట్టమొదటి మహిళ ఆమే, తన కళ్లద్దాల అంచులకు మైనం పూసి నీళ్లు రాకుండా చేసుకుంది. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణాలు గెలిచింది గాగుల్స్ లేకుండానే, ఒలింపిక్స్‌లో వాటిని అనుమతించింది 1976 నుంచి. అంతకుముందు వాళ్లకు ఈ గుర్తుల బాధ లేదు, ఎర్రకళ్ల బాధ ఉండేది. మనం మైనం పూయం, స్ట్రాప్ లాగుతాం. అక్కడే పొరపాటు. నీళ్లు వస్తున్నాయంటే చాలాసార్లు ఆ గాగుల్స్ ఆకారం మన కంటి గుంట ఆకారంతో కలవలేదని అర్థం, బిగిస్తే అంచు ఒకచోట మడతపడి ఇంకోచోట కొత్త సందు తెరుచుకుంటుంది. నీళ్లను ఆపే పని అంచుది. స్ట్రాప్ పని జారిపోకుండా పట్టుకోవడం వరకే.

కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. స్ట్రాప్ తలకు తగిలించకుండా, గాగుల్స్‌ను కళ్ల మీద పెట్టి మెల్లగా నొక్కి, చేతులు వదిలేయండి. రెండు మూడు క్షణాలు వాటంతట అవే అతుక్కుని ఉండాలి. వెంటనే ఊడిపడితే అవి మీ మొహానికి కావు, ఎంత పేరున్న కంపెనీవైనా సరే. ఒక మూల మాత్రమే లేస్తుంటే ముందు ముక్కు దూలం మీది ముక్క మార్చి చూడండి, చాలా వాటితో రెండు మూడు సైజులు ఇస్తారు, మనం డబ్బాతోపాటు పారేస్తుంటాం. నేనూ పారేశాను.

ఇక స్ట్రాప్ ఎక్కడ ఉండాలి అంటే, తల వెనక కాస్త ఎత్తుగా, చెవుల పైనుంచి వెళ్లాలి. మెడ దగ్గరికి జారితే గాగుల్స్‌ను కిందికి లాగి కింది రెప్ప మీద బరువంతా వేస్తుంది. రెండు పాయలుగా ఉంటే ఒకటి పైకీ ఒకటి కిందికీ విడదీయండి. పెట్టుకున్నాక స్ట్రాప్ కింద వేలు సులువుగా దూరాలి. పోటీల్లో పై నుంచి డైవ్ కొట్టేవాళ్లకు బిగువు కావాలి, ఒప్పుకుంటాను, కానీ పొద్దున్నే పది లెంత్‌లు కొట్టి ఇంటికెళ్లే మనకు దానితో ఏం పని? బిగువు ఎక్కువైందని చెప్పే గుర్తు ఇంకొకటి ఉంది, తలనొప్పి. కంటి గుంట పై అంచు నుంచి నుదుటి మీదికి ఒక నరం వెళ్తుంది, గాగుల్స్ దాన్ని నొక్కితే కనుబొమ్మల దగ్గర మొదలై నుదురంతా పట్టేస్తుంది. ఎండ వల్లనో క్లోరిన్ వల్లనో అనుకుని మాత్ర వేసుకుంటాం.

రకం కూడా ముఖ్యం. రేసు గాగుల్స్ చిన్నగా ఉండి కంటి గుంట లోపలే కూర్చుంటాయి, స్వీడిష్ గాగుల్స్ అనేవాటికైతే మెత్తటి అంచే ఉండదు, ప్లాస్టిక్కే నేరుగా ఒంటికి తగులుతుంది. అవి ఇష్టపడేవాళ్లు ప్రాణం పెడతారు, నాకు మాత్రం నచ్చవు. గుర్తులు పడకూడదు అనుకుంటే వెడల్పాటి సిలికాన్ అంచు ఉన్నవి, లేదా ఈత మాస్కులంటారే, నుదురూ చెంప ఎముకల మీద కూర్చునేవి, అవి చూడండి. ఒత్తిడి పెద్ద మేరలో పంచుకుపోతుంది, అదీ గట్టి ఎముక మీద. గ్లాకోమా, అంటే చూపు నరం దెబ్బతినే కంటి జబ్బు, ఉన్నవాళ్లకు ఇది అందం సంగతి కాదు, చిన్న గాగుల్స్ పెట్టుకున్నంతసేపూ కంటి లోపలి ఒత్తిడి పెరగవచ్చు, కాబట్టి గ్లాకోమా ఉన్నా, కంటి ఆపరేషన్ అయినా ముందు డాక్టరును అడగాలి. ఇంకో మాట, ఈత గాగుల్స్‌తో లోతుకు డైవింగ్ చేయకండి. లోతుకు వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి పెరుగుతుంది, డైవింగ్ మాస్కులో ముక్కు లోపల ఉంటుంది కాబట్టి గాలి వదిలి సరిచేసుకోవచ్చు, గాగుల్స్‌లో ఆ వీలు లేదు. కంటి చుట్టూ రక్తం కమిలిపోతుంది.

ఈదుతుండగా మధ్యలో ఆగినప్పుడల్లా అంచు కొద్దిగా ఎత్తి లోపలికి గాలి వదలండి. ఇంత చిన్న పనితోనే నాకు సగం ఉబ్బు తగ్గింది.

బయటికొచ్చాక మొహం మంచినీళ్లతో కడిగి, చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను మూసిన కళ్ల మీద పది నిమిషాలు ఉంచండి. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఐసు నేరుగా పెట్టకండి. కీరా ముక్కలు, టీ సంచులు అంటారు గానీ వాటిలోనూ ముఖ్యంగా పని చేసేది చల్లదనమే. తర్వాత ఉంగరపు వేలితో, ముక్కు వైపు నుంచి కణత వైపు, చర్మం కదిలీ కదలనట్టు నిమురుతూ వెళ్లండి, ఆగిన నీరు కదులుతుంది. గట్టిగా రుద్దితే మాత్రం ఉన్న ఎరుపుకు ఇంకొంత కలుస్తుంది, రోజూ అదే పని అయితే మన చామనఛాయ చర్మం అక్కడ నల్లబడి నెలల తరబడి వదలదు. కెఫీన్ ఉన్న జెల్ కాసేపు పనిచేస్తుంది, కాసేపే. మామూలు మాయిశ్చరైజర్ ఈత తర్వాత రాయండి, ముందు రాస్తే అంచు జారి నీళ్లొస్తాయి, మళ్లీ బిగిస్తాం. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీములు కంటి దగ్గర పూయడం అసలు వద్దు, అవి చర్మాన్ని పలచబరుస్తాయి, కంటి ఒత్తిడినీ పెంచగలవు.

గుర్తు ఉన్నచోట దురద, పొట్టు, మర్నాటికి కూడా పోని ఎరుపు ఉంటే అది నొక్కుడు కాదు, అంచులోని రబ్బరు పడటం లేదేమో చూడాలి. నియోప్రీన్ లాంటి రబ్బరులో కలిపే రసాయనాలు కొందరికి పడవు, సిలికాన్‌కు మారితే చాలామందికి తగ్గుతుంది. ఒక కన్నే వాచినా, నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, ఈదని రోజుల్లో కూడా పొద్దున్నే మొహం ఉబ్బుతున్నా ఇంటి చిట్కాలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కిడ్నీ, థైరాయిడ్ సమస్యలు కూడా ముందు కళ్ల చుట్టూ కనిపించవచ్చు.

తీసేటప్పుడు చాలామంది, ముఖ్యంగా పిల్లలు, అద్దాలను పట్టుకుని ముందుకు లాగుతారు. తడి చేతిలోంచి జారితే రబ్బరు బలంతో వచ్చి నేరుగా కంటికే తగులుతాయి. తల వెనక స్ట్రాప్‌లో బొటనవేళ్లు దూర్చి, ముందు దాన్ని తీసి, ఆ తర్వాతే అద్దాలు తీయమని వాళ్లకు నేర్పండి. నమస్కారం.